మారు చాటింపు

నాకు అంగళ్ళలో పోట్లాడే గుణం ఉంది. ఇందులో దాచుకోవడానికి ఏమీ లేదు, మా ఇంట్లో అందరికీ తెలిసిందే. అరల మీద ఒక ధర అంటించి, బిల్లు కొట్టే చోట ఇంకో ధర అడిగితే నేను ఊరుకోను. "ఆ ఆఫర్ నిన్నటితో అయిపోయింది మేడం" అంటే అసలే ఊరుకోను. నా వెనక వరసలో ఉన్నవాళ్ళు గొణుగుతారు. నా కొడుకు మెల్లగా పక్కకు జరిగి, నేనెవరో తెలియనట్టు బిస్కెట్లు చూస్తూ నిలబడతాడు. బయటికి వచ్చాక "పది రూపాయల కోసం ఎందుకమ్మా అంత రచ్చ?" అంటాడు. పది రూపాయల కోసం కాదని వాడికి చాలాసార్లు చెప్పాను. నలుగురికీ వినబడేలా ఒక మాట చెప్పాక, ఆ మాట నిలబడకపోతే ఏం చెయ్యాలో మా నాయన చేసి చూపించాడు. అది చూసి పెరిగినదాన్ని కాబట్టి నాకు ఈ రోగం వచ్చింది.

మాది కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పావగడ తాలూకాలో ఒక చిన్న పల్లె. ఊరి ఇండ్లు వంకకు ఈ పక్క, మా ఇండ్లు ఆ పక్క. మా నాయన ఊరికి చాటింపు వేసేవాడు. మా తాత నుంచి వచ్చిన పని అది. సొసైటీకి చక్కెర వచ్చినా, పశువుల డాక్టరు వస్తున్నా, కరువు పనికి మనుషులు కావాలన్నా, తప్పెట మెడకు తగిలించుకొని వీధి వీధీ తిరిగి చెప్పేవాడు. మనిషి బక్కపలచన గానీ, గొంతు చేలల్లో ఉన్నవాళ్ళకు కూడా వినబడేది. ఊళ్ళో ఏ ఇంట్లోనూ ఆయన గడప దాటి లోపలికి పోకూడదు. ఆయన గొంతుకు మాత్రం ఏ గడపా అడ్డం లేదు. చిన్నప్పుడు ఇది తలచుకుంటే నాకు నవ్వు వచ్చేది, పెద్దయ్యాక కోపం వచ్చింది, ఇప్పుడు రెండూ వస్తాయి.

ఈ పనికి జీతం లేదు. శెనక్కాయ పంట ఇంటికి వచ్చే కాలంలో నాయన గోనెసంచి తీసుకొని కళ్ళాలకు పోతే, ఒక్కో రైతు చేటతో కొన్ని కాయలు అందులో పోసేవాడు. దాన్ని మేర అంటారు. ఎవరు ఎంత పొయ్యాలని ఎక్కడా లేదు. ఆయన మాట మీద ఎంత గురి ఉంటే అంత. ఆ కాయలే మాకు ఏడాది తిండి, నూనె, నా బడి బట్టలు.

చాటింపుకు మా ఊళ్ళో ఒక కట్టడి ఉండేది. చాటిన మాట జరగకపోతే, జరగడం లేదని మళ్ళీ తప్పెట కొట్టి చెప్పాలి. దాన్ని మారు చాటింపు అనేవాళ్ళు. డాక్టరు రావడం లేదని కబురు వస్తే, ఆవును తోలుకొని బయలుదేరినవాళ్ళు ఇంకా దారిలో ఉండగానే నాయన తప్పెట మోగేది. తప్పు ఎవరిదైనా సరే, చెప్పిన నోరే మళ్ళీ చెప్పాలి. మారు చాటింపు కూలి మాత్రం మొదట చాటించినవాళ్ళే ఇయ్యాలి. అందుకే మా ఊళ్ళో ఎవరైనా చాటించేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాళ్ళు.

నేను పావగడకు బస్సులో పోయి హైస్కూలు చదువుకుంటున్న రోజులవి. తొంభైలలో వానలు వరసగా మొండిచెయ్యి చూపించిన కాలం. పంట బాగున్న ఏడు జనం కాయలు గానుగకు ఇచ్చి డబ్బాలతో నూనె తెచ్చుకునేవాళ్ళు. ఆ ఏడు విత్తనానికి దాచిన కాయలు కూడా అమ్ముకున్నారు. శెనక్కాయ తప్ప ఇంకో పంట ఎరగని ఊళ్ళో ఆడవాళ్ళు నూనె కోసం చిన్న సీసా పట్టుకొని అంగడికి పోవడం మొదలైంది. ఎవరి సీసా ఎంత చిన్నదో ఎదుటివాళ్ళకు కనబడకుండా కొంగులో పెట్టుకునేవాళ్ళు.

ఉగాది దగ్గర పడుతుండగా పావగడలో బస్టాండు దగ్గర ఒక కొత్త అంగడి తెరిచారు. లోపలికి పోయి, బుట్ట పట్టుకొని, కావలసిన సరుకు మనమే తీసుకోవాలంట. ఈ వింత చెబితే మా ఊరి ఆడవాళ్ళు ఒకటే నవ్వు.

"సరుకు మనమే తీసుకుంటే ఇంక అంగడాయప్ప ఏం చేస్తాడే?"

"కూకోని దుడ్లు తీసుకుంటాడు. ఆ పని మాత్రం మనకు ఇయ్యడు లే."

ఆ అంగడి మేనేజరు ఒకరోజు స్కూటరు మీద మా ఊరికి వచ్చాడు. పట్నంలో ఆటోకు మైకు కట్టి తిప్పుతున్నారు గానీ, ఆ ఆటో పట్నం దాటి మా పల్లెల దాకా రాదు. అందుకని మా నాయనను వెతుక్కుంటూ వంక దాటి మా ఇంటికే వచ్చాడు. ఉగాదికి ముందు వచ్చే సంత రోజు శెనక్కాయ నూనె కిలోకు పది రూపాయలు తక్కువకు ఇస్తామని, మా ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ చాటమన్నాడు. సంత రోజు అంగడి వాకిట్లో కూడా తప్పెట కొట్టాలి. కూలికి కూడా నూనే ఇస్తామన్నాడు.

నాయన ఆ కాలంలో నూనె మాట వింటే కరిగిపోయే స్థితిలో ఉన్నాడు. మా ఇంట్లో తాలింపు మానేసి నెల దాటింది. అయినా ఆయన అడగాల్సింది అడిగాడు.

"సామీ, ఎంతమంది వచ్చినా ఇస్తారా?"

"ఇస్తాంలేప్పా."

"పొద్దుగూకే దాకా ఇస్తారా?"

"ఇస్తామని చెప్తాండాను కదా. నీకెందుకు అనుమానం?"

"అనుమానం కాదు సామీ. నేను చాటితే జనం వస్తారు. అందుకని."

ఆ మేనేజరు నవ్వి స్కూటరు ఎక్కాడు. ఆయనకు అది వ్యాపారం మాట. మా నాయనకు అది ఊరికి ఇస్తున్న మాట. ఇద్దరూ ఒకే మాట మాట్లాడుకుంటున్నామని అనుకున్నారు.

నాయన పల్లెలన్నీ తిరిగి చాటాడు. "వినండప్పో వినండి! పండక్కి శెనక్కాయ నూనె, కిలోకి పది రూపాయలు తక్కువ! పావగడ బస్టాండు కాడ కొత్తంగడి! సంత రోజు, పొద్దన్నుంచి పొద్దుగూకే దాకా! ఇన్నోళ్ళు ఇననోళ్ళకు చెప్పండప్పో!" ఓళిగలు, అదే బొబ్బట్లు, కాల్చుకోవచ్చని పిల్లలు ఎగిరారు. మా అమ్మ కందిబేడలు ఏరి పెట్టుకుంది.

సంత రోజు అమ్మా నేనూ ఎక్కిన పావగడ బస్సులో కాలు పెట్టడానికి సందు లేదు. మా ఊరి ఆడవాళ్ళందరి చేతుల్లోనూ డబ్బాలు, క్యాన్లు, ఇత్తడి చెంబులు. ఆ అంగట్లో నూనె ప్యాకెట్లలో అమ్ముతారని ఎవరికీ తోచలేదు. నూనె కొలిచి పోస్తారు, పోశాక కొసరు కూడా వేస్తారు, అంతే మాకు తెలిసింది. వాకిట్లో నిలబడ్డ మనిషి డబ్బాలన్నీ బయటే పెట్టించాడు. గోడ పక్కన డబ్బాలు బారుగా నిలబడ్డాయి. మా ఊరి పెద్ద రైతు తల్లి, బోసినోటి ముసలమ్మ, తన ఇత్తడి చెంబు మాత్రం ఇయ్యనని చంకలో పెట్టుకొని లోపలికి నడిచింది. ఆమెను ఆపే ధైర్యం ఆ మనిషికి లేకపోయింది.

నాయన అప్పటికే వాకిట్లో తప్పెట కొడుతున్నాడు. మమ్మల్ని చూసి కళ్ళతోనే నవ్వాడు.

లోపల చల్లగా, సబ్బు వాసన. నూనె ప్యాకెట్ల పైన కన్నడంలో పెద్ద అక్షరాలతో తగ్గింపు ధర రాసి ఉంది. మేము ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అందుకని నేనే చదివి చెప్పాను. నాయన చాటిన ధరే. ఆడవాళ్ళు మురిసిపోయి ప్యాకెట్లు బుట్టల్లో వేసుకున్నారు. లెక్క కట్టే చోటికి వచ్చేసరికి కథ తిరగబడింది. అక్కడ కూర్చున్నవాడు మామూలు ధర అడిగాడు. ఆ తగ్గింపు తొలి గంటలో వచ్చినవాళ్ళకేనంట. ఇంకొకామె అడిగితే, వేరే సరుకు ఎక్కువగా కొన్నవాళ్ళకేనంట. మూడో ఆమె అడిగేసరికి ఆ ధర నూనె నిండుకుందంట. నూనె చేతిలోనే ఉండగా నిండుకోవడం ఏమిటో మాకు తెలియలేదు.

"బోర్డు మీద ఉండాది కదన్నా!" అన్నాను నేను.

మేనేజరు వచ్చాడు. మా ఇంటికి స్కూటరు మీద వచ్చినాయనే. చొక్కా మడత నలగకుండా నిలబడి ఒక్క మాట అన్నాడు.

"మేము మీకు చెప్పినామా? చాటినోన్ని పోయి అడుక్కోండి."

అంతమంది ఆడవాళ్ళూ తిరిగి మా అమ్మ వైపు చూశారు. మా అమ్మ బుట్టలో ప్యాకెట్టు తీసి అరలో పెట్టేసింది. మేరకు కళ్ళాలకు పోయినప్పుడు ఆ చూపులు ఎట్లా ఉంటాయో ఆమెకు అప్పుడే కనబడి ఉంటుంది.

అందరం బయటికి వచ్చాం. ముసలమ్మ ఖాళీ చెంబుతో మా నాయన ముందు నిలబడింది.

"ఏరా, పండగ పూట మా అందర్నీ ఎండలో ఈడ్చుకోనొచ్చి ఊరించి ఉసూరుమనిపిస్తివి కదరా. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, యాడైనా నూనె తక్కువకి ఇస్తారని నమ్మి బస్సెక్కిన నా బుద్ధిని ఏమనల్ల!"

తప్పెట ఆగింది. ఏం జరిగిందో అమ్మ చెప్పింది. నాయన తప్పెట నాకిచ్చి, చెప్పులు విడిచి అంగడి లోపలికి పోయాడు. ఆ అంగట్లో చెప్పులు విడిచి పోయినవాడు ఆయన ఒక్కడే. నేను వెనకే పోయాను.

"సామీ, నేను అన్ని ఊర్లకూ చెప్పినాను. ఇయ్యండి సామీ."

"నీ పని కొట్టేది. కొట్టినావు. ఇదిగో నీ నూనె. తీసుకొని పో."

నాయన ఆ ప్యాకెట్ల వైపు చూశాడు. నేనూ చూశాను. నిజం చెప్పాలంటే తీసుకుంటే బాగుండునని నాకు అనిపించింది. ఓళిగ వాసన ముక్కుదాకా వచ్చి పోయింది.

"ఇయ్యరా అయితే?"

"ఇయ్యం."

"అయితే మారు చాటింపు ఎయ్యల్ల సామీ."

మేనేజరుకు అదేంటో తెలియదు. "ఏసుకో పో" అని నవ్వాడు.

నాయన బయటికి వచ్చి, అంగడివాళ్ళు గోడ పక్కన పారేసిన అట్టపెట్టెల ముక్కలు పోగు చేసి, బీడీ ముట్టించుకునే అగ్గిపెట్టెతో అంటించాడు. తప్పెట చర్మం చల్లబడితే మోగదు, మంటకు కాచాలి. తీరిగ్గా అటూ ఇటూ తిప్పి కాచాడు. వేలితో కొట్టి చూసుకున్నాడు. అప్పుడు వాకిట్లో నిలబడి మొదలుపెట్టాడు.

"వినండప్పో వినండి! ఈ అంగట్లో నూనె తక్కువకి ఇస్తారని నేను చాటినాను. ఇయ్యలేదు. నేను చాటింది జరగలేదు. ఇంకెవురూ దుడ్లు పెట్టి బస్సెక్కి రావాకండి. వచ్చినోళ్ళు నన్ను మన్నించండి. ఇన్నోళ్ళు ఇననోళ్ళకు చెప్పండప్పో!"

తిట్టలేదు, శాపనార్థం పెట్టలేదు. పశువుల డాక్టరు రాలేదని చెప్పే గొంతుతోనే చెప్పాడు. సంత రోజు కదా, బస్టాండంతా జనం. ఒక్కొక్కరే వచ్చి గుమిగూడారు. బుట్టలతో లోపల ఉన్నవాళ్ళు బుట్టలు దించి బయటికి వచ్చారు. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏయ్, ఆపు! పోలీసుల్ని పిలుస్తాను."

"పిలవండి సామీ. వాళ్ళూ ఇంటారు." తర్వాత, ఏదో మరచిపోయినట్టు, నాయన వినయంగా అన్నాడు. "ఇంకోటి సామీ. మారు చాటింపు కూలి గూడా చాటించినోళ్ళే ఇయ్యల్ల. మా ఊరి కట్టడి."

జనం గొల్లుమన్నారు. మా ముసలమ్మ నవ్వు అన్నింటికన్న పైన వినబడింది. మేనేజరు గొంతు తగ్గించి, మా ఊరివాళ్ళకు మాత్రం ఆ ధరకు ఇస్తానని, కొట్టడం ఆపమని అన్నాడు. మా ఆడవాళ్ళ మొహాలు వెలిగాయి. కొందరు డబ్బాలు కూడా అందుకున్నారు.

నాయన తల అడ్డంగా ఊపాడు. "నేను చాటింది మా ఊళ్ళో ఒక్కటే కాదు కదా సామీ. తక్కిన ఊర్లోళ్ళకు ఏం చెప్పేది?"

మేనేజరు చెయ్యి విదిలించి లోపలికి పోయాడు. అంగడి తలుపు సగం మూశారు. ఎవరికీ నూనె రాలేదు.

తిరుగు బస్సులో ఖాళీ డబ్బాలు ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. నాయన బస్సెక్కలేదు. చాటిన ప్రతి పల్లెకూ నడుచుకుంటూ పోయి, మారు చాటింపు వేసి, పొద్దు వాలేటప్పుడు ఇల్లు చేరాడు. కాళ్ళు కడుక్కొని అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ ఒక్క మాటే అడిగింది.

"మనోళ్ళకన్నా ఇప్పించి ఉండొచ్చు కదా?"

"ఇప్పించి ఉండొచ్చు" అన్నాడు ఆయన. తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుంటూ, "ఇంక నా మాట ఎవురింటారో ఏమో" అన్నాడు. మా నాయన భయపడటం నేను చూసింది అదే మొదటిసారి. ఆ ఏడు మా ఇంట్లో ఉగాదికి ఓళిగలు పెనం మీద పొడిగానే కాలాయి. అంచులు మాడాయి. బెల్లం ఉంది కాబట్టి తిన్నాం.

ఇప్పుడు పెద్ద పెద్ద అంగళ్ళలో నేను గొడవ పడేటప్పుడు తగ్గింపు ఇచ్చి తీరాలని కాదు నా పట్టు. లేకపోతే లేదని చెప్పండి, అంటించింది పీకెయ్యండి అంటాను. ఈ మధ్య ఒక చోట బిల్లు కొట్టే చిన్నపిల్ల నా మాట విని, లేచి, వరసంతా చూస్తుండగా పోయి ఆ ధర చీటీ పీకి చేతిలో నలిపేసింది. "మీరు చెప్పింది నిజమే ఆంటీ" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పూర్తి ధర ఇచ్చి, ఆ పిల్ల చల్లగా ఉండాలని నోరారా దీవించి వచ్చాను. నా కొడుకు ఆ రోజు బిస్కెట్ల దగ్గరికి పోలేదు.

ఆ ఏటి ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళకు మా ఊళ్ళో బోరు ఎండిపోయింది. నీళ్ళ ట్యాంకరు పంపిస్తారని, మధ్యాహ్నం బడి దగ్గరికి వస్తుందని పంచాయితీవాళ్ళు చాటమన్నారు. నూనె సంగతి తర్వాత నాయన ఊళ్ళోకి తప్పెట పట్టుకొని పోవడం అదే మొదలు. సెలవు రోజు కాబట్టి నేనూ వెంట పోయాను. ఆయన గొంతు లేచింది గానీ, చివర ఎక్కడో బెరుకు ఉంది. నాకే తెలిసింది అది. వీధుల్లో తలుపులు మూసే ఉన్నాయి. ఎండకు మూసుకున్నారో, మమ్మల్ని చూసి మూసుకున్నారో తెలియలేదు. ఒక్క మనిషి కూడా బయటికి రాలేదు. "ఇన్నోళ్ళు ఇననోళ్ళకు చెప్పండప్పో" అని ముగించి, నాయన బడి దగ్గరికి వచ్చి, గోడ నీడలో నిలబడ్డాడు. ఆయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

మొదట ముసలమ్మ వచ్చింది. కోడలి నెత్తిన ఒక బిందె, తన చంకలో ఒకటి. ఆమె వెనక ఒక్కొక్క ఇల్లే కదిలింది. కాసేపటికి బడి ముందు బిందెలు వరస కట్టాయి. వంక అవతల నుంచి మావాళ్ళూ వచ్చి, ఎప్పటిలాగే వరస చివర పెట్టారు.

ట్యాంకరు చెప్పిన వేళకు రాలేదు. ఎండ నెత్తికెక్కింది. నాయన దారి మీదికి పోయి పావగడ వైపు చూడటం, తిరిగి రావడం, మళ్ళీ పోవడం. ఎవరి మొహమూ చూడటం లేదు. ఊరికి కొత్తగా కాపురానికి వచ్చిన ఒక కోడలు బిందె తీసుకొని లేచింది.

"ఇంక రాదేమో అవ్వా. ఊరికే ఎండలో ఎందుకు? పోదాం పాండి."

ముసలమ్మ గోడకు ఆనుకొని కళ్ళు మూసుకొని ఉంది. కళ్ళు తెరవకుండానే అంది.

"కూకో. వస్తాది. రాకుంటే వాడే వచ్చి చెప్తాడు."

ఆ పిల్ల కూర్చుంది. ఇంకెవరూ లేవలేదు.

ఆ ముసలమ్మ మా నాయనను చచ్చేదాకా "ఏరా" అనే పిలిచింది. ఆమె గడప లోపలికి మేమెప్పుడూ పోలేదు. అవి నేను మరచిపోలేదు. అయినా ఆ ఒక్క మాటకు ఆమెకు చేతులెత్తి మొక్కుతాను. ఒక మనిషికి అన్నం పెట్టినవాళ్ళను చాలామందిని చూశాను. పోయిందనుకున్న మాటను తిరిగి నోట్లో పెట్టినామె ఆమే.

నాయన ఆ మాట విన్నాడు. భుజం మీది తువ్వాలుతో మొహం గట్టిగా తుడుచుకొని, తప్పెట పక్కన పెట్టి, అంతదాకా నిలబడి ఉన్నవాడు మెల్లగా నీడలో కూర్చున్నాడు.